ఆగి ఆగి నడిచిన టవర్ కారు

మా బిలాస్‌పూర్ యార్డు చివర సైడింగులో ఒక టవర్ కారు ఉంటుంది. పట్టాల మీద నడిచే డీజిల్ బండి అది. దాని నెత్తిన పైకి లేచే ఒక వేదిక ఉంటుంది. పట్టాల పైనున్న కరెంటు తీగ తెగినా, సాగినా మనుషులు ఆ వేదిక ఎక్కి బాగుచేస్తారు. రైళ్లు కరెంటుకి మారిపోయాక డీజిల్ షెడ్డులో నాతో పనిచేసినవాళ్లు తలో దిక్కూ అయిపోయారు. కొందరు కొత్త ఇంజన్ల పని నేర్చుకుని అటు వెళ్లారు, కొందరు రిటైరయ్యారు. నన్ను ఈ టవర్ కారు దగ్గర వేశారు. తీగల పని చూసేది వేరే జట్టు. వాళ్లు వస్తారు, బండెక్కుతారు, పని అయ్యాక దిగి వెళ్లిపోతారు. ఇంజను మంచిచెడ్డలు చూసేది నేనొక్కదాన్నే.

నాన్న సర్వీసులో ఉండగా పోతే ఆయన బదులు నాకొచ్చిన ఉద్యోగం ఇది. చేరిన కొత్తలో షెడ్డులో నన్ను కాయితాల గదిలో కూర్చోబెట్టారు. చేతికి పానా ఇచ్చింది ఆ షెడ్డు పాత మెకానిక్, నేను బాబాయి అని పిలిచే ఆయన ఒక్కరే. రక్త సంబంధం ఏమీ లేదు. మా క్వార్టర్ల వరసలోనే ఉండేవారు, ఆయనదీ విజయనగరం వైపే. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, లోపల ఏ సిలిండరు ఎలా ఉందో చెప్పేవారు. రిటైరయ్యాక క్వార్టరు అప్పగించేసి, పిన్నిని తీసుకుని విజయనగరం వెళ్లిపోయారు. నేను పెళ్లి చేసుకోలేదు. అమ్మ పోయాక ఇంట్లో తెలుగు మాట్లాడటానికి మనిషి లేకుండా పోయింది. బయటంతా హిందీ. ఒక్కోసారి గిన్నెలు తోముకుంటూ నాలో నేనే మాట్లాడుకునేదాన్ని, అదీ తెలుగులో.

ఒక వేసవిలో టవర్ కారు నల్లగా పొగ వదలడం మొదలుపెట్టింది. లాగుడు తగ్గింది. సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు అరిగిపోయాయని అన్నీ మార్చాం. మొదటి రోజు కొత్త బండిలా నడిచింది. తరవాత మా పక్కనే ఉన్న కోటా వైపు తీగ పనికి వెళ్తుంటే దారిలో నెమ్మదిగా నీరసించి ఆగిపోయింది. కాసేపు వదిలేసి మళ్లీ తిప్పితే ఏమీ ఎరగనట్టు అందుకుంది. మర్నాడూ అంతే. ఇంజెక్టర్లు మార్చాక వచ్చిన జబ్బు కాబట్టి అందరి వేలూ వాటి మీదికే వెళ్లింది. “పహలే హీ ఠీక్ థీ, మేడమ్” అని, ముందే బాగుండేదని తీగల జట్టులో ఒకాయన తేల్చేశాడు.

ఇంజెక్టర్లు విప్పి పరీక్షకు పంపాను. బాగానే ఉన్నాయని తిరిగొచ్చాయి. వాటి కింద రాగి వాషర్లు కొత్తవి వేశాను. ఫిల్టర్లు మార్చాను. గొట్టాల్లో గాలి పట్టిందేమోనని గాలి తీశాను. ట్యాంకు అడుగున మడ్డి చూశాను. ఏది చేసినా ఒక పూట బాగుండేది. నేను ఊపిరి పీల్చుకునేలోపు మళ్లీ ఎక్కడో ఆగిందని కబురు వచ్చేది.

ఇక నాకు తోచక బాబాయికి ఫోన్ చేశాను.

“ఏటమ్మా, ఏటయింది?” అన్నారు.

“ఇంజెక్టర్లు మార్చాం బాబాయ్. కొంతసేపు నడిచి ఆగిపోతంది.”

కొంచెం ఆగి అడిగారు. “అచ్ఛా. పొగ ఏ రంగు?”

“ఇప్పుడు తెల్లగా.”

“ఫోను ఇంజను కాడ పెట్టు. ఇంటాను.”

ఇంజను నడిపించి ఫోను దానికి దగ్గరగా పట్టుకున్నాను. చెయ్యి లాగేదాకా అలాగే నిలబడ్డాను. తీసి చెవికి పెట్టుకుంటే అటునుంచి పిన్ని గొంతు వినపడింది. “ఇన్నారమ్మా. రేపు మళ్లీ వినిపించమంటన్నారు.”

అది అలవాటైపోయింది. సాయంత్రం డ్యూటీ దిగే ముందు ఇంజను తిప్పడం, ఫోను పట్టుకోవడం. ఆయన ఒకటో రెండో ప్రశ్నలు అడిగేవారు. ఆయన ప్రతి మాటకీ ముందు ఆ చిన్న ఆలస్యం ఉండేది. పెద్దాయన, ఆలోచించి మాట్లాడుతున్నారనుకున్నాను. పిన్ని ఏం వండిందో చెప్పేది, నేనేం తిన్నానో అడిగేది. పని తెమలకపోయినా ఆ రోజుల్లో క్వార్టరుకి నడిచి వెళ్తుంటే కాళ్లు తేలిగ్గా ఉండేవి.

ఒక రోజు బాబాయి గట్టిగానే చెప్పారు. “వాల్వు కొడతన్నాది. విప్పి చూడు.”

విప్పాను. ఎండలో కూర్చుని అన్ని వాల్వుల సందులూ కొలిచాను. ఎక్కడా తేడా లేదు. బండి నిలిచిపోయినందుకు పైవాళ్లతో చీవాట్లు తిన్నాను. ఆ మధ్యాహ్నమే ఫోన్ చేస్తే పిన్ని తీసింది.

“ఆయన కటింగుకి ఎల్లారమ్మా. ఫోను ఇక్కడే ఒగ్గేసేరు.”

“బాబాయి వాల్వు అన్నారు పిన్నీ. మొత్తం విప్పాను. ఏమీ లేదు.”

పిన్ని గొంతు తగ్గించింది, ఇంట్లో ఎవరూ లేకపోయినా.

“నీకొక మాట చెప్తాను, ఆయనతో అనకు. ఆయనకి చెవులు పోయేయమ్మా. సగం ఆ షెడ్డులోనే పోయేయి, మిగతావి ఇక్కడికొచ్చాక పోయేయి. నువ్వు అన్న మాటలన్నీ నాను చెవి కాడ అరిచి చెప్తన్నాను. ఇంజను చప్పుడు ఎలాగ చెప్పను? ఓసారి నోటితో చేసి చూపించేను. నవ్వేరు. ఫోను దవడకి ఆనించుకుని కళ్లు మూసుకుంటారు, అంతే.”

“మరి వాల్వు అని ఎందుకన్నారు?”

“ఏదో ఒకటి చెప్పకపోతే నువ్వు మళ్లీ ఫోను సెయ్యవని.”

ఫోన్ పెట్టేశాక చాలా కోపం వచ్చింది. విప్పిన కవర్లన్నీ నా చుట్టూ ఉన్నాయి, వాటిని మళ్లీ బిగించాల్సింది నేనే. బిగిస్తూంటే కోపం కాస్తా పోయి, దాని చోట ఇంకేదో వచ్చింది. ఇన్ని సాయంత్రాలు నేను ఇంజను వైపు ఫోను చాచి నిలబడితే అవతల ఎవరూ వినలేదు. ఆ మాట తలుచుకుంటే యార్డంతా ఒక్కసారిగా పెద్దదైపోయినట్టుంది. కొన్నాళ్లు ఫోన్ చెయ్యలేదు. ఆదివారం గోల్ బజార్‌కి వెళ్లి, కొనాల్సినదేమీ లేక, ఆ జనంలో ఒక చుట్టు తిరిగి వచ్చేశాను. బండి మాత్రం ఆగుతూనే ఉంది.

బాబాయికి వినపడకపోతేనేం, కళ్లు ఉన్నాయి కదా అని తట్టింది ఒక ఉదయం. బండిని సైడింగులోనే నిలబెట్టి, ఇంజను వేగం పెంచి వదిలేశాను. అది నీరసించేలా ఉందనిపించగానే వీడియో కాల్ చేశాను. బాబాయి బాగా బక్కచిక్కిపోయారు. ఫోనును పొగ గొట్టం వైపు తిప్పాను. ఇంజను ఊగకుండా, కొట్టుకోకుండా, దిగజారుతూ వచ్చి ఆగిపోయింది.

“పొగేదీ?” అన్నారు బాబాయి.

నాకూ అప్పుడే కనిపించింది. తెల్ల పొగ వచ్చేది తిరిగి అందుకునేటప్పుడు. ఆగేటప్పుడు పొగ పలచబడి అసలు లేకుండా పోతోంది. ఇన్నాళ్లూ అది దారిలో ఆగే సమయానికి నేనెప్పుడూ బండి పక్కన లేను.

“ఇంజెక్టరు పాడైతే బండి ఊగాల, పొగ గుప్పుమనాల. ఇది ఆకలితో పడిపోతన్నాది. దానికి తిండి అందట్లేదు. సూడు.”

ఆ పూటే ఒక క్యాను నిండా డీజిల్ పోసి, వేరే గొట్టంతో నేరుగా ఇంజనుకి డీజిల్ లాగే పంపుకి తగిలించాను. ట్యాంకు ఊసు లేకుండా ఇంజను నడిచింది. మధ్యాహ్నం భోజనానికి వెళ్లి వచ్చినా నడుస్తూనే ఉంది. అంటే జబ్బు ట్యాంకుకీ పంపుకీ మధ్యనే ఉంది. ఆ మధ్య ఉన్నది ఒక రబ్బరు గొట్టం. పైకి నిగనిగలాడుతోంది, ఎక్కడా చెమ్మ లేదు. ఇంజెక్టర్లు మార్చినప్పుడు దాన్ని కూడా ఊడదీసి, మెలిపెట్టి, మళ్లీ తగిలించాం. కత్తితో నిలువునా కోసి చూశాను. లోపలి పొర ఊడిపోయి నాలుకలా వేలాడుతోంది. పంపు గట్టిగా లాగినప్పుడు ఆ నాలుక దారికి అడ్డం పడుతోంది. ఇంజను ఆగితే వెనక్కి వాలిపోయి దారి ఇస్తోంది. అందుకే కాసేపాగితే మళ్లీ బాగుండేది.

కొత్త గొట్టం వేశాక బాబాయికి వీడియోలో ఆ పాతదాన్ని చూపించాను. ఆయన చాలాసేపు చూశారు, ఇటు తిప్పమని అటు తిప్పమని చేత్తో చెప్తూ.

“బయటికి ఎంత బాగున్నాదో,” అన్నారు. తరవాత, “మరైతే ఇంక నాతో నీకు పనేటీ లేదు.”

“ఉంది బాబాయ్,” అన్నాను.

పిన్ని వంటింట్లో ఉన్నట్టుంది, అరిచి చెప్పడానికి పక్కన లేదు. ఆయన నా మొహంలోకి చూస్తూ, “ఏటి?” అన్నారు. నేను మళ్లీ అన్నాను, పెదాలు కనబడేలా. విన్నట్టే తలూపి నవ్వారు. ఏం విన్నారో నాకు తెలియదు.

టవర్ కారు ఆ తరవాత ఆ జబ్బుతో ఆగలేదు. ఇంజను కబుర్లు లేకుండా కొన్ని ఆదివారాలు ఫోన్ చేశాను. బాగున్నావా అని పిన్ని చేత అడిగించేవారు, బాగున్నానని నేను చెప్పించేదాన్ని. ఇద్దరి మధ్యా పిన్ని అరిచి అరిచి అలిసిపోయేది. వాళ్లని చూసి రావడానికి ఒకసారి టికెట్టు తీయించాను గాని, ఆ వారమే తీగ తెగి సెలవు రద్దయింది. ఆ రోజంతా బండితోనే ఉన్నాను. తీగల జట్టు పైన పనిచేస్తుంటే, కింద ఇంజను పక్కన కంకర మీద కూర్చుని దాని పొగ చూస్తూ, తెచ్చుకున్న పులిహోర తిన్నాను.