నాట్ల పాటకు గిటారు

కిష్టారెడ్డిపేటలో శివశంకర్ గిటారు వాయిస్తాడంటే మొదట్లో ఎవరూ నమ్మలేదు. నమ్మాక నవ్వారు. పటాన్‌చెరు దగ్గర బకెట్లు చేసే కంపెనీలో మోల్డింగ్ మెషిన్ మీద నిలబడే మనిషికి గిటారేమిటని వాళ్ల నవ్వు. నవ్వేవాళ్లను నవ్వనిచ్చాడు గానీ అతను గిటారును మాత్రం వదల్లేదు. మొండి ఘటం.

నిజానికి ఆ గిటారు ఫ్రాన్సిస్‌ది. జార్ఖండ్ నుంచి వచ్చి అదే మెషిన్ మీద వేరే షిఫ్టు చేసేవాడు. కరోనాలో సొంతూరికి నడిచిపోతూ, బట్టలు మోయగలను గానీ దీన్ని మోయలేనని తెచ్చి శివశంకర్ చేతిలో పెట్టాడు. తన ఫోన్‌లోంచి ఒక ముసలాయన పాటలు కూడా ఎక్కించి ఇచ్చాడు. ఆయన ఎక్కడో అమెరికా కొండల్లో ఇంటి వసారాలో కూర్చుని వాయించే మనిషి. ఆయన పేరుకు శివశంకర్ నోరు తిరగలేదు. తాత అన్నాడు, అదే ఖాయమైంది.

తాత వేళ్లతో మీటడు. చిన్న బిళ్లను రెండు వేళ్ల మధ్య పట్టుకుని ఒక్కో తీగనే కొడతాడు. కిందికొకటి, పైకొకటి, కిందికి, పైకి. ఆ చెయ్యి ఆగడమంటూ ఉండదు. అంత పరుగులోనూ ఒక స్వరం ఇంకో స్వరం మీద పడదు. రేగుపళ్లు రాలినట్టు దేనికది వినిపిస్తుంది. అది మొదటిసారి విన్నరోజు శివశంకర్ టిఫిన్ డబ్బా తెరవడమే మరిచిపోయాడు. అబ్బ, మనిషన్నవాడు ఇట్లా వాయిస్తాడా!

నేర్పేవాళ్లు లేరు. ఫోన్‌లో వేగం సగానికి తగ్గించి, ఒక్కో ముక్కను వినీ వినీ పట్టుకున్నాడు. పనికిరాని బకెట్ మూతలు కోసి బిళ్లలు చేసుకున్నాడు. కంపెనీలో మెషిన్ తలుపు తియ్యి, బకెట్ అందుకో, తలుపు మూయి, ఇంతే కదా బతుకు! బాత్రూముకు పోవాలన్నా ఇంకొకణ్ణి బతిమాలి నిలబెట్టి పోవాలి. ఇంటికొస్తే రెండు గదుల పోర్షన్. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచి కిటికీలో ఆకాశం కూడా లేకుండా చేశాయి. ఇందులోంచి బయటపడే దారి తాత పాటొక్కటే అనుకున్నాడు పాపం. ఏళ్లు పట్టింది గానీ, ఆ పాటలన్నీ అచ్చుగుద్దినట్టు దింపేశాడు. ఒకచోట తాత పొరపాటున తీగ జారిస్తే, ఈయనా అక్కడ జారించేవాడు. అంత భక్తి!

ఈ వానాకాలంలో అతని తల్లి మొగులమ్మ గొంతు బొంగురుపోయింది. జలుబనుకున్నారు. కాదు, గడ్డ. స్వరపేటిక తీసేస్తే ప్రాణం నిలుస్తుంది, మాట మాత్రం రాదన్నాడు డాక్టరు. అందరికంటే ముందు ఆమే మాట్లాడింది.

"మాట పోతే పోనీ గని, నా పాటొకటి ఫోన్ల పట్టుకోర్రి. మా నాట్ల పాటలు ఎరుకున్నోళ్లు ఇగ ఎవ్వరు లేరు."

మొగులమ్మ ఒకప్పుడు నాట్లలో ముందు పాట ఎత్తే మనిషి. ఆమె ఎత్తితే మడిలో ఆడవాళ్లందరూ అందుకునేవారు. ఆ మళ్లలోనే ఇప్పుడు అపార్ట్‌మెంట్ల కార్లు నిలబడ్డాయి.

శివశంకర్ పొంగిపోయాడు. "నువ్వు పాడవే అమ్మా, నేను గిటారు వాయిస్త. ఇద్దరిదీ కలిపి రికార్డు చేద్దం."

"అది జెర పక్కకు పెట్టరాదు? అత్తమ్మ పాట ఒక్కటే పట్టు," అంది భార్య జ్యోతి.

చెవిన పెడితేనా! ఇన్నేళ్లుగా ఎవరూ అడగని విద్య, ఒక్కసారైనా తల్లి గొంతు పక్కన నిలబడాలని అతని ఆశ.

ఆపరేషన్‌కు ముందు ఆదివారం తల్లీకొడుకులు మంచం మీద ఎదురెదురుగా కూర్చున్నారు. మొగులమ్మ పాట ఎత్తింది. నాట్ల పాట నడక వేరు. చరణం కొసన గొంతు సాగి, అట్లాగే నిలబడిపోతుంది. ఆ నిలిచిన జాగాలోనే ఆడవాళ్లు నడుమెత్తి, ఒకడుగు వెనక్కి వేసి, కొత్త నారు కట్ట అందుకునేది. ఎంతసేపు నిలవాలన్న లెక్క లేదు, అందరి నడుములూ లేచేదాకా నిలవాలి. తాత దగ్గర నేర్చిన చెయ్యి నిలిచే చెయ్యి కాదే! తల్లి ఆగినచోట శివశంకర్ చెయ్యి కిందికీ పైకీ పరుగెడుతూనే ఉంది. బలవంతాన ఆపితే మళ్లీ ఎక్కడ అందుకోవాలో తెలియలేదు. ఇంకోసారి మొదలుపెట్టారు, మళ్లీ అంతే. అతనికి తెలిసివచ్చింది. ఇన్నేళ్లూ నేర్చింది తాత పాటలే, ఇంకొక పాటకు తనకు చెయ్యి లేదు. దారి అనుకున్నది కూడా గోడే అయింది. గిటారు ఒళ్లో పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"ఏడువకు బిడ్డా. నువ్వు గట్లనే వాయించు, నేనే నీ ఎంబడొస్త," అంది మొగులమ్మ.

వచ్చింది. సాగేచోట సాగకుండా, నిలిచేచోట నిలవకుండా, కొడుకు చేతి వెనక పరుగెత్తుతూ పాడింది. మధ్యలో దగ్గు తెరలు తెరలుగా వచ్చింది, అయినా పాడింది. కలిసింది, కలిసింది అని శివశంకర్ మురిసిపోయాడు. "ఇంకోసారి నువ్వొక్కదానివే పాడు అత్తమ్మా," అని జ్యోతి బతిమాలింది. అప్పటికే మొగులమ్మ గొంతు లేవడం లేదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. మొగులమ్మ ఇంటికొచ్చి కాస్త తేరుకున్నాక, శివశంకర్ పక్కన కూర్చుని ఆ రికార్డు వినిపించాడు. మొగులమ్మ నవ్వబోయింది. నవ్వలేక తల పక్కకు తిప్పుకుంది. అప్పుడు విన్నాడు అతను, వినాల్సినట్టు. అందులో తాత ఉన్నాడు, తన చెయ్యి ఉంది. నడుమెత్తడానికి మాత్రం ఒక్క జాగా లేదు. వంగినవాళ్లు వంగినట్టే ఉండగా పాట అయిపోయింది.

"ఎంత పని చేసినమ్మా!" అని తల పట్టుకున్నాడు. "అసలుది ఎట్లుండె? ఏడ ఆగుతుండె, ఎంతసేపు ఆగుతుండె?"

మొగులమ్మ మంచం దిగింది. వద్దు అత్తమ్మా అని జ్యోతి పరుగెత్తుకొస్తుంటే చేత్తోనే ఆపింది. గోడ ఆసరా చేసుకుని నేలకు వంగి, లేని నారును నాటింది. ఇంకొకటి నాటింది. ఇంకొకటి. తర్వాత నడుము మీద చెయ్యి వేసుకుని మెల్లగా లేచి, ఒకడుగు వెనక్కి వేసి, కొడుకు కళ్లలోకి చూస్తూ నిలబడింది.

శివశంకర్ కుడిచెయ్యి మోకాలి మీద దానంతటదే కిందికీ పైకీ ఆడుతోంది. ఎడమచేత్తో దాన్ని గట్టిగా పట్టి ఆపాడు. మొగులమ్మ ఇంకా నిలబడే ఉంది.