సగంలో తీసుకుపోయిన గౌన్లు

ఆనకట్ట కింది వీధిలో బట్టలు కుట్టే ఆవిడకు అనుమానాలక్క అని పేరు. పాలు చిక్కగా ఉంటే పాలవాడు ఏం కలిపాడోననేది. మొగుడు పెందలాడే ఇల్లు చేరితే ఉద్యోగం ఊడిందా అని ఆరా తీసేది.

ఆ వేసవిలో, కట్ట పక్క క్వార్టర్స్‌లో ఉండే ఇంజినీరు భార్య వచ్చి, కుట్టడానికిచ్చిన గౌను సగంలోనే తీసుకుపోయింది. పుట్టింటికి వెళ్తున్నామంది. మర్నాడు ఇంకో ఆఫీసరు భార్య, ఆ వెంటనే మరొకామె. ఒకరు పెళ్ళన్నారు, ఒకరు బదిలీ అన్నారు. ఎవరూ మొహం చూసి మాట్లాడలేదు. అనుమానాలక్కకు అన్నం సయించలేదు.

ఆనకట్ట గేట్ల దగ్గర పనిచేసే మరిది చిరిగిన ప్యాంటు తెచ్చిచ్చాడు. మోకాళ్ళ దాకా బురద. చినుకు పడి నెలలైంది, ఈ బురద ఎక్కడిదని నిలదీసింది.

"కట్టన్నాక చెమ్మ ఉండదా వదినా? అడుగున కాస్త ఊట వస్తోంది."

"తేటగా వస్తోందా, మట్టితో వస్తోందా?"

 అతను గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పాడు. ఊట కట్టలోని మట్టిని తోడేస్తోంది. నీటిమట్టం దించాలి. కానీ దించితే ఫ్యాక్టరీలకు నీళ్ళుండవని, వానలొచ్చేదాకా ఇసుక బస్తాలతో నెట్టుకురమ్మని పైవాళ్ళ మాట. ఎవరితోనూ అనొద్దని బతిమాలాడు.

ఆమె ఇంటింటికీ వెళ్ళి చెప్పింది. అక్కకు మళ్ళీ మొదలైందని నవ్వారు. మొగుణ్ణి సాధించి, దారి పొడుగునా శాపనార్థాలు పెడుతున్న అత్తను రిక్షా ఎక్కించి, గుట్ట మీద అద్దె గదికి చేర్చింది. మరిదినీ రమ్మంది. తను వచ్చేస్తే బస్తాలు ఎవరు వేస్తారన్నాడతను.

ఆ వారంలోనే, పట్టపగలు, ఊట దగ్గరే కట్ట కుంగింది. గుట్ట మీది నుంచి చూస్తుండగానే వీధి కనబడకుండా పోయింది. మరిది శవం పొలాల్లో దొరికింది.

బతికి బయటపడ్డవాళ్ళు ఆమెను వింతగా చూడసాగారు. ముందే ఎలా తెలుసని గుసగుసలు. విచారణకొచ్చిన అధికారి కూడా అదే పట్టుకున్నాడు. మరిది ఊట సంగతి దాచిపెట్టాడా అని తీయగా అడిగాడు. నేరం చచ్చినవాడి నెత్తిన రుద్దే ఎత్తని ఆమెకు తెలిసిపోయింది.

"నన్నెందుకండీ అడగడం? నాకంటే ముందు ఇంజినీరుగారి భార్యకు తెలుసు. ఆవిడ గౌను సగంలో ఎందుకు తీసుకుపోయిందో కనుక్కోండి."

ఆ మాట ఆయన రాసుకోలేదు. ఆమె కదల్లేదు. రాసేదాకా లేవనని కుర్చీలోనే కూర్చుంది. పొద్దు వాలాక విసుక్కుంటూ రాశాడు. ఆ తర్వాత ఇంజినీరు కొలువు పోయింది. పైవాళ్ళ జోలికి మాత్రం ఎవరూ పోలేదు.

గుట్ట మీద ఆమె ఇప్పటికీ కుడుతూనే ఉంది. అత్త మాత్రం అన్నం ముందు కూర్చున్న ప్రతిసారీ అదే అడుగుతుంది: "పెద్దాణ్ణి లాక్కొచ్చావు కదే. చిన్నాణ్ణి ఎందుకు లాక్కురాలేదు?"