కథగట్టే సారు

మా సైన్సు సారు పోయారన్న కబురు మొన్న ఉదయం దవాఖానలో డ్యూటీలో ఉండగా తెలిసింది. కొన్నాళ్ళుగా నేను భయపడుతున్న కబురే. అయినా మందుల ట్రే కింద పెట్టి కాసేపు గోడకు ఆనుకోవలసి వచ్చింది.

డెబ్బైలలో వరంగల్‌లో మా బడికి మగ్గాల ఇళ్ళ పిల్లలు, కాజీపేట రైల్వే క్వార్టర్ల పిల్లలు వచ్చేవాళ్ళు. పుస్తకం చదివించి వదిలేస్తే మా తలకెక్కదని సారుకు తొందరగానే తెలిసిపోయింది. పాఠాన్ని కథగా మార్చడానికి ఆయన పెట్టిన పేరు 'కథగట్టుడు'. చప్పుడుగా మారిస్తే 'మోతగట్టుడు'. ఆయన దగ్గర చదివినవాళ్ళకు ఈ మాటలు కొత్త కాదు, మిగతావాళ్ళ కోసం చెబుతున్నాను.

గుండె పాఠంలో గుండెను కాజీపేట జంక్షన్ చేశారు. చెడు రక్తం ఒక లైన్లో వచ్చి, ఊపిరితిత్తుల్లో శుభ్రపడి, మళ్ళీ జంక్షన్‌కొచ్చి ఇంకో లైన్లో ఒళ్ళంతా తిరిగేది. ఏసీ కరెంటు పాఠంలో డస్టర్‌తో బల్ల ఈ కొస నుంచి ఆ కొసకు, ఆ కొస నుంచి ఈ కొసకు కొడుతూ పోయారు. మగ్గంలో నాడె అటూ ఇటూ ఉరికే చప్పుడు అది. మా నాయన మగ్గం పక్కన కూర్చుంటే చాలు, ఆ పాఠం దానంతటదే గుర్తొచ్చేది.

కథ మొదలుపెట్టే ముందు కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకునేవారు. "ఇదుంటె పుస్తకమే కనబడ్తది" అనేవారు.

"గీ మాటలు ఏ డిక్షనరీల ఉన్నయ్?" అని హెడ్మాస్టరు ఒకసారి క్లాసులోనే నిలదీశారు.

"పోరగాండ్ల నోట్ల ఉన్నయ్ సార్. డిక్షనరీల తర్వాత వస్తయ్ తియ్" అన్నారు మా సారు నెమ్మదిగా.

ఆ మాటలు మా ఇళ్ళకూ పాకాయి. నేను ఆలస్యంగా వచ్చి ఏదో సాకు చెప్పబోతే మా అమ్మ "కథగట్టకు, కాళ్ళు కడుక్కో" అనేది.

నేను నర్సునయ్యానంటే ఆయన చలవే. పోయిన నెల కడుపునొప్పితో మా దవాఖానకే వచ్చారు. రిపోర్టు చూసి డాక్టరు ఆయన భార్యకూ నాకూ చెప్పారు. క్యాన్సర్, కాలేయమంతా పాకింది, ఆపరేషన్ కుదరదు అన్నారు. బయటికి రాగానే ఆ అమ్మ నా చెయ్యి పట్టుకున్నారు.

"సారుకు చెప్పకు బిడ్డా. తట్టుకోలేడు."

సరేనన్నాను. సారు ఉన్న వార్డు వైపు నడిచాను. అబద్ధం చెబితే పట్టేస్తారు, నిజం చెబితే ఆ అమ్మకిచ్చిన మాట పోతుంది. రోజూ ఎంతమంది రోగులతోనో మాట్లాడే నాకు ఆ ఒక్క మనిషి మొహం చూడాలంటే భయమేసింది. సారు దిండుకు ఆనుకుని నా కోసమే చూస్తున్నారు.

"ఏమన్నడు డాక్టరు?"

నోటికొచ్చింది మొదలుపెట్టాను. "బండి స్టేషన్ ఘన్‌పూర్ల ఆగింది సారూ. లైన్ మీద పని నడుస్తాంది, సిగ్నల్ ఇస్తలేరు. ఫికర్ జేసేదేం లేదు, జర లేటయితది గంతే."

కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నారు. క్లాసులో మా జవాబులూ అట్లాగే వినేవారు.

"మంచిగ కథగట్టినవ్ బిడ్డా" అన్నారు. "ఇగ విప్పు."

కట్టడమే తప్ప విప్పడం ఆయన మాకెప్పుడూ నేర్పలేదు. గుమ్మం వైపు చూశాను. ఆ అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. వద్దని తల ఊపలేదు. రోగం పేరు చెప్పాను. ఎంతవరకు పాకిందో చెప్పాను. చేయగలిగింది ఏమీ లేదని కూడా చెప్పాను. చెప్పి తప్పు చేశానేమోనన్న గుబులు నాకు ఇప్పటికీ పోలేదు.

సారు మెల్లగా మోకాళ్ళు ముడుచుకుని, దుప్పటి పక్కకు లాగి, మంచం మీద నేను కూర్చునేంత చోటు చేశారు.

"ఎంతసేపని నిలబడ్తవ్" అన్నారు.