ఏదుపందుల గదిలో పెద్దమ్మ

నన్ను పెంచింది పెద్దమ్మ. జంతుప్రదర్శనశాలలో ఏదుపందుల గది శుభ్రం చేయడం ఆమె పని. దొరికిన పుస్తకమల్లా చదివి, ఎవరితోనూ పొసగక, చేరిన ప్రతి ఉద్యోగమూ పోగొట్టుకున్న నాకు అక్కడే దుంపలు తరిగే పని ఇప్పించింది కూడా ఆమే. అప్పట్లో లోకంలో నాకు నచ్చిన మనిషి ఆమె ఒక్కతే.

గదిలోకి వెళ్లేటప్పుడు మోకాళ్లకు అడ్డంగా ఒక చెక్కపలక పట్టుకునేది. ఏదుపంది ముళ్లు విసురుతుందని జనం అనుకుంటారు గానీ, విసరదు. కోపమొస్తే నలుపు తెలుపు పట్టీల ముళ్లన్నీ నిక్కబొడుచుకుని, తోక గలగలలాడించి, కాలు నేలకేసి కొట్టి, వెనక్కి దూసుకొచ్చి గుచ్చుతుంది.

"భయం లేదా పెద్దమ్మా?" అని అడిగానొకసారి.

"ఇంట్లో నీతో వేగుతున్నదాన్ని, ఇవో లెక్కా?" అంది.

గదిలో ఒక ఆడది, ఒక మగది ఉండేవి. పగలంతా ఆ జంట సిమెంటు గుహలో ఒకదానికొకటి ఆనుకుని పడుకునేది. పొద్దు వాలాక బయటికొచ్చి నేల గోకేది, పళ్లు పెరిగిపోకుండా ఎండు ఎముకలు కొరికేది.

ఒక ఉదయం ఆడది పిల్లను పెట్టింది. పిల్ల కళ్లు తెరుచుకునే పుట్టింది. ముళ్లు ఇంకా తడి వెంట్రుకల్లా మెత్తగా ఉన్నాయి. పెద్దమ్మ మాత్రం నవ్వలేదు. కిందటేడు పిల్ల మెడ మీద పంటిగాటుతో చచ్చి కనిపించింది. తండ్రే కొరికిందన్నారంతా. అందుకే ఈసారి ఆమే మగదాన్ని పక్కగదిలోకి తోలి మధ్య తలుపు మూసింది.

మగది మేత ముట్టలేదు, తలుపు కొయ్యను కొరుకుతూనే ఉంది. ఆడదీ తలుపు దగ్గరే తచ్చాడింది. పిల్ల పాలకోసం వెంటపడితే తప్పించుకుంది. మర్నాటికి పిల్ల లేవడం మానేసింది.

సూపర్‌వైజరు, డాక్టరమ్మ వచ్చారు.

"సీసాతో పట్టినా మింగడం లేదు. తల్లి పాలివ్వాల్సిందే," అంది డాక్టరమ్మ.

"మగదాన్ని వదులుతానండీ," అంది పెద్దమ్మ.

"మళ్లీ కొరికితే?" అన్నాడు సూపర్‌వైజరు.

"కొరకడం ఎవరు చూశారు సార్? అప్పుడు మూలన పందికొక్కు బొరియ ఉండేది. తర్వాత నేనే పూడ్చా. అయినా అందరూ దీన్నే అంటే నేనూ అనేశా."

డాక్టరమ్మ తలూపింది. "నాకూ కచ్చితంగా తెలీదమ్మా. దగ్గరుండి చూస్తానంటే తియ్యండి."

పెద్దమ్మ పలకను తన కాళ్లకు కాక పిల్లకు అడ్డం పెట్టి, తలుపు తీసింది. ఆ చప్పుడుకు బెదిరి ఆడది గిర్రున తిరిగి వెనక్కి దూసుకొచ్చింది. పెద్దమ్మ పళ్లు బిగించింది గానీ పలక కదల్చలేదు. మగది మెల్లగా వచ్చి ఆడదాని మూతి వాసన చూసింది. ముళ్లు ఒక్కొక్కటే వాలాయి. రెండూ పక్కపక్కన ఒరిగాయి. అప్పుడు పలక ఎత్తింది. పిల్ల పాక్కుంటూ వెళ్లి, తండ్రి కాళ్ల మీదుగా ఎక్కి, తల్లి చన్ను అందుకుంది. మగది దాని వీపు నాకింది.

బయటికొచ్చాక ఆమె పిక్కలోంచి ముల్లు లాగాను.

"మెల్లగారా, చంపేస్తావా!"

కట్టు కడుతుంటే, ఏళ్లుగా నోటిదాకా వచ్చి ఆగిపోయిన మాట బయటపడింది. "థాంక్స్ పెద్దమ్మా."

"పిచ్చి సన్నాసీ, ముల్లు తీసింది నువ్వు. నాకెందుకురా థాంక్స్?" అంది కళ్లు తుడుచుకుంటూ. "లే, దుంపలు తరుగు. బాలింతకి ఇవాళ రెట్టింపు వెయ్యాలి."