యాభై కిలోమీటర్ల పరుగు, వెనక ఒక పెద్దాయన

కాదు, మీరే చెప్పండి. ఉరవకొండలో ఉండే మా బావ, ఏ పెళ్లిలో కలిసినా నలుగురినీ పిలిచి, "కొండల్లో యాభై కిలోమీటర్లు ఉరికినా అంటాడు గానీ, మావోడు ఉరకలేదప్పా, తరిమించుకున్యాడు" అంటాడు. అందరూ నవ్వుతారు. నేను ఫోన్ తీసి మెడల్ ఫొటో చూపిస్తే ఇంకా నవ్వుతారు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

అప్పట్లో (పాతకాలమేం కాదు, నాలుగేళ్ల కిందటే, కానీ ఆ మోకాళ్లు ఇప్పుడు లేవు గనక పాతకాలమే) నేను హైదరాబాదులో కొత్తగా ఉద్యోగంలో చేరాను. ఫోన్ గుర్తు చేస్తే తప్ప నీళ్లు కూడా తాగేవాణ్ని కాదు. ఒకరోజు మా టీమ్ లీడర్ నా పొట్ట వైపు చూసి, "మొదటి అంతస్తుకి కూడా లిఫ్టేనా?" అన్నాడు. ఆ కోపంలో అనంతపురం కొండల్లో జరిగే పరుగు పందేనికి పేరిచ్చేసి, ఆఫీసంతా చెప్పేశాను. సాయంత్రం లోపల గీత దాటకపోతే మెడల్ ఇవ్వరు. మెడల్ లేకుండా సోమవారం ఆఫీసుకు వెళ్లే మొహం నాకు లేదు.

దారి పొడవునా తుమ్మకొమ్మలకు ఎర్ర రిబ్బన్లు కట్టారు. వాటిని చూసుకుంటూ పోవడమే. చివరి గుట్ట కిందికి వచ్చేసరికి రిబ్బన్లు ఆగిపోయి ఎర్ర జెండాలు మొదలయ్యాయి. రిబ్బన్లు అయిపోయి ఉంటాయిలే అనుకుని జెండాల వెంట పోయి పోయి ఒక వేరుశనగ చేలో తేలాను. సరిగ్గా అక్కడ నా కాళ్లు పనిచేయడం మానేశాయి. గట్టు మీద కూలబడి, గుట్టపైన పందెం ముగిసే చోట, టెంటు దగ్గర నాకోసం కాచుకున్న బావకి ఫోన్ చేసి, "ఇక నావల్ల కాదు, బండేసుకుని రా" అన్నాను. "యాడుండావురా?" అన్నాడు. యాడున్నానో నాకూ తెలియదు గనక, లేచి జెండాను, చేనును, దూరంగా తిరుగుతున్న గాలిమరలను బావకి పంపడానికి ఫొటోలు తీయడం మొదలుపెట్టాను.

"ఏమప్పా, మళ్లీ వస్తివా?"

తిరిగి చూస్తే పంచె ఎగ్గట్టిన పెద్దాయన, చేతిలో కర్ర. పక్కన ఆయన భార్య.

"మళ్లీ ఏంటి? ఇప్పుడే వచ్చాను," అన్నాను.

"మా చేన్లో దారి ఎయ్యొద్దని ఆ పొద్దే చెప్తి గదా?"

ఇక్కడ నేను నోరు మూసుకోవలసింది. "దారి ఎప్పుడో వేసేశారు, జెండాలు కనబడటం లేదా? నా వెనక ఇంకా ఎంతోమంది వస్తున్నారు, అందర్నీ ఆపుతారా?" అన్నాను. (ఆ జెండాలు గాలిమరల వాళ్లు లారీల దారి కోసం పాతినవని నాకేం తెలుసు?)

"ఇంగా వస్తాండారంట! చూస్తాండావేమి, పట్టుకో వాన్ని! ఆ ఫోను పెరుక్కో!" అంది పెద్దామె.

ఫోన్ అనగానే కాళ్లు మళ్లీ పనిచేశాయి. వచ్చిన దారినే వెనక్కి ఉరికాను. దారి తప్పిన చోటికే వచ్చిపడితే, అసలు రిబ్బన్ ఒక తుమ్మకొమ్మ వెనక కనబడింది. దాని వెంట గుట్టెక్కాను. వెనక నుంచి "నిలబడప్పా!" అని ఆయన, ముందు నుంచి "నిలబడను!" అని నేను. పైన టెంటు దగ్గర జనం మా ఇద్దరికీ చప్పట్లు కొట్టారు. "కమాన్ తాతా!" అని కూడా అరిచారు. గడువు ఇంకా కాస్త ఉండగానే గీత దాటాను. నా వెనకే ఆయనా దాటాడు.

బావ ఆయనకు మంచినీళ్లిచ్చి, ఇది పందెమనీ, నేను గాలిమరల కంపెనీ మనిషిని కాననీ విడమరిచి చెప్పాడు. ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూశాడు.

"ముందే చెప్పింటే కొంచెం నిదానంగా తరుముతాంటి కదప్పా."

నిజమే, చెప్పి ఉండొచ్చు. ఒక్క మాటతో తేలిపోయేదానికి గొంతు చించుకున్న ఆ కుర్రాణ్ని తలచుకుంటే ఇప్పుడు నాకే నవ్వొస్తుంది. అయినా మెడల్ విషయంలో తగ్గేది లేదు. ఆ రోజు నా ముందు పరిగెత్తినాయన్ని షుగర్ రిపోర్టు తరిమింది, ఆయనే చెప్పాడు. నన్ను టీమ్ లీడర్ కొంత దూరం, పెద్దాయన కొంత దూరం తరిమారు. వెనక ఎవరూ తరమకుండానే ఆ ఎండలో యాభై కిలోమీటర్లు కొండలెక్కే మనిషి ఒకడుంటాడని మీరు నిజంగా నమ్ముతున్నారా?