ఐటీ సీటూ, ఈశ్వరప్ప రెండెకరాలూ

ఈశ్వరప్పకు కాలేజీల సంగతి తెలియదు, బండల సంగతి తెలుసు. తాడిపత్రిలోని ఒక పాలిష్ ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లుగా బురదలో నిలబడి మిషన్ తోస్తున్నాడు. బండ మంచిదో కాదో నిమిషంలో చెప్పగలడు. కూతురు గంగాదేవి చేరతానంటున్న ఇంజనీరింగ్ కాలేజీ మంచిదో కాదో ఎవరినడిగి తేల్చుకోవాలో మాత్రం పాలుపోలేదు.

పిల్లకు వచ్చిన ర్యాంకుకు ఐటీ సీటు రాలేదు. డబ్బు కడితే మేనేజ్‌మెంట్ కోటాలో ఇస్తామన్నారు. నాలుగేళ్లకు ఫీజూ హాస్టలూ కలిపి ఏడు లక్షలు. యాడికి ఊరి దగ్గరున్న రెండెకరాల మెట్ట అమ్మితే సరిగ్గా అంత వస్తుంది. వేరుశనగ వేస్తే విత్తనం ఖర్చు కూడా తిరిగి రాని నేల అది. అయినా నేల నేలే కదా. కొంటానన్న తిప్పయ్య మంచివాడు కాబట్టి అడ్వాన్సు చేతికిచ్చి కూడా, "సాయంత్రం దాకా ఆలోచించుకో అన్నా, వద్దనుకుంటే నా దుడ్లు నాకియ్యి" అన్నాడు. కాలేజీలో మొదటి ఏడాది ఫీజు గడువు కూడా ఆ సాయంత్రమే.

కాలేజీకి పోయే అనంతపురం బస్సులో ఈశ్వరప్ప కూతురి పక్కన కూర్చుని, అడ్వాన్సు డబ్బున్న సంచిని ఒళ్లో గట్టిగా పట్టుకుని లెక్కలు వేశాడు. పిల్లకు నెలకు ఇరవైవేలు మిగిలితే పెట్టింది ఎన్నాళ్లకు తిరిగొస్తుంది? సగం దారి దాటేసరికి మూడేళ్లని తేల్చాడు. అనంతపురం దగ్గరపడేసరికి, అసలు ఉద్యోగమే రాకపోతే అన్న ఆలోచన వచ్చి లెక్క మానేశాడు.

కాలేజీలో గంగాదేవి సర్టిఫికెట్లు జిరాక్స్ తీయించడానికి వెళ్లింది. వరండాలో ఒంటరిగా మిగిలిన ఈశ్వరప్ప అలవాటు కొద్దీ కిందికి చూశాడు. తాడిపత్రి బండే. వెంటనే సీసాలో నీళ్లు కాస్త ఒంపి, తువ్వాలుతో తుడిచి, గొంతుక్కూర్చుని చూడసాగాడు. బండలో పగులుంటే చుట్టూ ఆరిపోయినా ఆ గీత తడిగానే ఉంటుంది. పగుళ్లలో లప్పం పూసి ఎంత మెరిపించినా నీళ్ల దగ్గర దాగదు. పూసేవాళ్లలో తానూ ఒకడు, ఆ మాత్రం తెలియదా?

వాచ్‌మన్ వచ్చాడు. "ఏమప్పా, యాడినుంచి వచ్చినావు? ఈడ నీళ్లు పోస్తాండావేం?"

"మా ఊరి బండ అన్నా. ఎట్లుండాదో సూస్తాండా."

నాలుగు బండలు చూశాడు. ఒక్కదాంట్లోనూ వెంట్రుకంత పగులు లేదు. ఇంత నిజాయితీగా నేల వేయించినవాళ్లు పిల్లల్ని మోసం చేస్తారా అనుకుని, ఈ సీటు మాట మొదలయ్యాక మొదటిసారి తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. నవ్వుకునేవాళ్లు నవ్వుకోవచ్చు. చదువుకున్న తండ్రులు ఫ్లెక్సీలు చూసి చేరుస్తారు, ఈయన నేల చూశాడు, అంతే తేడా.

లేచి నిలబడితే ఎదురుగా గోడ మీద ఉద్యోగాలొచ్చిన పిల్లల ఫొటోలు. రెండో వరుసలో టై కట్టుకుని నవ్వుతున్న కుర్రాణ్ణి చూడగానే గుర్తుపట్టాడు. వాడు వీరేష్. తమ ఫ్యాక్టరీ గేటు పక్క గదిలో లారీలకు బిల్లులు కొట్టే వీరేష్.

అక్కణ్ణించే ఫోన్ చేశాడు. ఫొటో సంగతి అడిగితే వీరేష్ దాచకుండా చెప్పాడు.

"ఫొటో అబద్ధం కాదన్నా. కంపెనీ లెటర్ ఇచ్చింది నిజమే. చేరే తేదీ జరిపినారు, మళ్లీ జరిపినారు. ఏడాదిన్నరకు వద్దు పొమ్మన్నారు. నా పక్కన కూసున్నోడు బెంగళూర్లో బాగుండాడు. ఇద్దరిదీ ఒకే బెంచీ."

"వానికొచ్చి నీకెందుకు రాలేదప్పా?"

"అది తెలిస్తే ఈడెందుకుంటానన్నా."

ఈశ్వరప్ప ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. గంగాదేవి కాగితాలతో తిరిగొచ్చేసరికి సంచి భుజానికి తగిలించుకున్నాడు.

"ఇంటికి పోదాం పా."

పిల్ల తండ్రి ముఖం చూసింది, గోడ వైపు చూసింది. "వీరేషన్న ఫొటో సూసినావా నాయనా? నేను పోయిన వారం సీటు గురించి అడగను వచ్చినప్పుడే సూసినా. చెప్తే నువ్వు సేను అమ్మవని చెప్పలేదు."

ఈశ్వరప్పకు కోపం ముంచుకొచ్చింది. "రెండెకరాలు పెట్టి బిల్లులు కొట్టే పని కొనుక్కుంటావా?"

"అదైనా సరే. ఆయన్న ఫ్యాను కింద కూసోని పని చేస్తాండాడు." గంగాదేవి తండ్రికి అడ్డంగా నిలబడింది. "చదువు లేకుండా పోతే మీ ఫ్యాక్టరీలో నాకేం పని ఇస్తారో చెప్పు నాయనా."

అక్కడ ఆడవాళ్లకున్నది ఒకటే పని, బండలు మోయడం. ఆయన భార్యే ఎనిమిదేళ్లు మోసింది. ఇప్పుడు బిందె ఎత్తాలన్నా గోడ పట్టుకుంటుంది.

భయం తగ్గలేదు. నిజానికి వచ్చినప్పటికంటే ఎక్కువైంది. ఆ భయంతోనే తిప్పయ్యకు ఫోన్ చేసి, "నీ దుడ్లు వాపసు ఇచ్చేది లేదు తిప్పయ్యా, రిజిస్ట్రేషన్ ఎప్పుడు పెట్టుకుందాం?" అని అడిగి, కూతురి వెనకాలే ఫీజు కట్టే వరుసలో నిలబడ్డాడు.