వేలిముద్రకి పైన రాసి ఉన్నది

ఏడేళ్ల పిల్లని మా ఇంటికి పెంపకానికి ఇచ్చారు. దత్తత కాదు, పద్దెనిమిది నిండేదాకా చూసుకోమని ప్రభుత్వం వాళ్లు అప్పజెప్పారు. దాని రెండేళ్ల చెల్లెల్ని వేరే ఎవరికో ఇచ్చారు. ఎవరికో నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు. అది నా తప్పే.

ఆరు నెలలకోసారి పిల్లని చూసిపోవడానికి ఆఫీసాయన మండపేట వచ్చి, మా ఇంట్లో టీ తాగి, కాగితం చాపేవాడు. "ఇక్కడ వెయ్యండి మామ్మగారూ" అంటే వేసేదాన్ని. ముప్పయ్యేళ్లు రైస్‌మిల్లులో హాజరు మస్టరుకి వేలిముద్ర వేసిన చెయ్యి. పైన ఏం రాశారని అడిగే అలవాటు దానికి లేదు.

కిందటేడు ఆ పిల్లే పట్టుబట్టి నాకు అక్షరాలు నేర్పింది. "మామ్మా, నీ రాత వడ్లు ఆరబోసినట్టుందే" అని నవ్వేది. కూడబలుక్కుని చదవడం వచ్చింది.

మొన్న దానికి పద్దెనిమిది నిండాయి. చెల్లెలు ఎక్కడుందో కనుక్కుందామని ఇద్దరం రాజమండ్రి ఆఫీసుకి వెళ్లాం. అక్కడి మేడం ఫైలు తీసింది గాని పిల్ల చేతికివ్వలేదు.

"ఫైలు నీదే గాని నీకు చూపించకూడదమ్మా. అయినా చెల్లెలి సంగతి నీకు ఎప్పుడో చెప్పారు కదా?"

"ఎవరు చెప్పారండి?" అంది పిల్ల.

"మీ మామ్మగారే." ఒక కాగితం నా వైపు తిప్పింది.

అక్షరం అక్షరం కలుపుకుని చదివాను. 'చెల్లెలి వివరాలు పిల్లకు తెలియజేశాను. పిల్ల ఏమీ అడగలేదు.' దాని కింద నా బొటనవేలు. ఆ వెనక కాగితాల్లోనూ అదే ముక్క, అదే వేలు.

"నేను చెప్పలేదండి. నాకే తెలీదు. ఇదేమో చెల్లెలేదని అన్నం ముందు కూర్చుని మరీ అడిగేది. విసుక్కునేదాన్ని."

"మరి వేలిముద్ర ఎందుకేశారండి?"

"చెప్పానని రాసుకున్నారు కదా! ఏం చెప్పానో మీరే చెప్పండి మరి!"

మేడం ఫైలు మూసేసింది. "అలా కుదరదు మామ్మగారూ. అర్జీ పెట్టుకోండి."

పెట్టాం. పైకి పంపుతామన్నారు. పై అంటే ఎక్కడో, ఎన్నాళ్లకో చెప్పలేదు.

తిరుగు బస్సులో పిల్ల నాకు కిటికీ పక్క సీటిచ్చింది. నన్ను తిట్టుంటే బాగుండేది. ద్వారపూడిలో బడిపిల్లలు ఎక్కారు. దాని చెల్లెలికీ ఇప్పుడు పదమూడేళ్లుంటాయి. మా పిల్ల ఒక్కొక్కరి మొహంలోకీ తేరిపార చూస్తోంది. వాళ్లు దిగేదాకా చూస్తూనే ఉంది.